రెండు తలల పిల్లకు సంబంధం

రాక్షసుడి బొమ్మను ఎవరికైనా ఇవ్వాలంటే ఏసుపాదం మాస్టారు ఆడపిల్లనిచ్చినంత ఆరా తీసేవారు. ఇల్లెక్కడ, కప్పు కారుతుందా, పిల్లి ఉందా, మధ్యాహ్నం ఎండ లోపలికి కొడుతుందా, ఇవన్నీ అడిగి, మనసుకు నచ్చితేనే కొమ్ములూ కోరలూ తుడిచి చేతిలో పెట్టేవారు. పోనీ, ఇచ్చాక వదిలేవారా అంటే అదీ లేదు. నెలకో ఆదివారం మోపెడ్ మీద కజ్జికాయల పొట్లంతో దిగి, "పిల్ల ఎలా ఉందండీ?" అని పలకరించి మరీ వచ్చేవారు.

డ్రిల్లు మాస్టారుగా రిటైరైన ఆయన గుణదల ఇంట్లో అరవై నలుగురు రాక్షసులుండేవారు. నడిచేవాళ్ళు, దొర్లేవాళ్ళు, పొట్ట నొక్కితే ఈల వేసేవాళ్ళు. తొంభైల్లో మేరీమాత తిరునాళ్ళలోనూ రైలు పెట్టెల్లోనూ దొరికినవాళ్ళను దొరికినట్టు ఇంటికి తెచ్చేశారు. "చేసుకున్నప్పుడు ఈయనొక్కరే అనుకున్నాను. వెనకే ఇంత బలగం దిగుతుందని పెళ్ళిళ్ళ పేరయ్య చెప్పలేదు," అనేవారు ఆయన భార్య అమలమ్మ. ఇంటిని దీవించడానికి వచ్చిన ఫాదర్ గారు వాళ్ళుండే అద్దాల బీరువా మీద మాత్రం తీర్థజలం రెండుసార్లు ఎక్కువ చల్లారు. రంగు పోతుందని మాస్టారు వెనకాలే తువ్వాలుతో తుడిచారు.

కంకిపాడులో జిరాక్సు షాపు నడిపే ఆరోన్ కన్ను ఆ బీరువాలో ఒకరి మీదే ఉండేది. ఆకుపచ్చ రబ్బరు, రెండు తలలు, పొట్టలో ఈల. తొమ్మిదేళ్ళప్పుడు తిరునాళ్ళలో వాళ్ళ నాన్న అచ్చం అలాంటిదే కొనిచ్చాడు. బస్సు కంకిపాడు చేరేలోగా అది అక్కల చేతులూ బాబాయి పిల్లల చేతులూ తిరిగి ఒంటి తలతో ఇల్లు చేరింది. తెల్లారేసరికి ఈల కూడా పోయింది. ఆ ఇంట్లో పళ్ళపొడి నుంచి పరుపు దాకా ఏదీ ఒకరిది కాదు. ఒక్క వస్తువైనా ఇది నాది అని చెప్పుకోవాలని ఆరోన్‌కు అప్పటినుంచీ మహా కోరికగా ఉండేది.

మొదటిసారి సంబంధం అడగడానికి తలదువ్వుకుని మరీ వెళ్ళాడు.

"ఇంట్లో ఎంతమందిరా?"

"పదకొండు మందిమి మాస్టారూ. బిడ్డకి తోడు లేదన్న మాటే ఉండదు."

"కుదరదు."

మరుసటేడు మళ్ళీ వెళ్ళాడు. "అక్కకి పెళ్ళి చేసి పంపించేశామండీ. ఇప్పుడు పదిమందే."

"పురిటికి రాదూ?"

"వస్తుందండీ."

"మళ్ళీ పదకొండు. పైగా పసివాడొకడు. కుదరదు నాయనా, ఏమీ అనుకోకు."

రెండువేల మూడు దసరాల్లో ఒక ఆదివారం, గుణదలలో ఒక ట్యుటోరియల్ మేడ మీది గదిలో, మాస్టారు రాక్షస బొమ్మల అభిమానుల సభ పెట్టారు. ఆరోజు రెండు తలల పిల్లకు సంబంధం ఖాయం చేస్తానని ముందే ప్రకటించారు. పండగ రోజుల్లో గోడ మీద రాక్షసుల పేరు రాయొద్దని మేడగలాయన పట్టుబట్టడంతో, కింద బోర్డు మీద 'బొమ్మల ప్రదర్శన, అందరూ రావచ్చు' అని మాత్రమే రాశారు. ఆరోన్‌తో కలిపి వచ్చింది తొమ్మిదిమంది. అందులో ఒకాయన ఫ్యాను గాలికి వచ్చాడు. తక్కినవాళ్ళు తెచ్చిన సంచులు విప్పి, ఏ తోక అసలుదో ఏది అతికించిందో తేల్చుకోలేక కేకలేసుకుంటున్నారు.

సరిగ్గా అప్పుడు పట్టుచీరా చేతిసంచీతో ఒకావిడ మెట్లెక్కి వచ్చారు. పేరు ఛాయాదేవి, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయ్యారు. బోర్డు చూసి బొమ్మల కొలువనుకున్నారు. ఖర్మ కొద్దీ మాస్టారు బల్లల్ని మెట్లుమెట్లుగా పేర్చి తెల్ల దుప్పటి కూడా పరిచారు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా చూశారు.

"దేవుళ్ళేరండీ?"

"దసరా కదండీ, వాళ్ళకి క్షణం తీరిక లేదు. వీళ్ళే ఖాళీగా ఉన్నారు," అన్నారు మాస్టారు.

ఆవిడ చేతిసంచీ కింద పెట్టారు. "సరే, ఎవరైతేనేం. కొలువుకొచ్చి పాట పాడకుండా వెళ్ళడం మర్యాద కాదు," అని చాప మీద కూర్చుని, అరవై నలుగురు రాక్షసుల ఎదుట మంగళహారతి ఎత్తుకున్నారు. ఒక్క చరణం వదలలేదు. తోకల మీద పోట్లాడుకుంటున్నవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. శనగలు లేవు గనక అమలమ్మ ఆవిడ చేతిలో బిస్కెట్లు పెట్టారు.

మాస్టారు మెల్లగా దగ్గరికి వచ్చారు. "ఇల్లెక్కడండీ?"

"రెండు సందుల అవతల."

"ఎవరెవరుంటారు?"

"నేనూ, గోడగడియారమూనండి. అది కూడా ఈమధ్య ఆగిపోయింది."

మాస్టారు ఇంకేమీ అడగలేదు. పిల్లి సంగతి లేదు, కప్పు సంగతి లేదు. తిన్నగా వెళ్ళి రెండు తలల పిల్లను తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు.

ఆరోన్‌కు ఒళ్ళు మండిపోయింది. "ఇదేం న్యాయం మాస్టారూ? ఆవిడకి రాక్షసులంటే ఏంటో కూడా తెలీదు. పేరంటానికొచ్చిందావిడ!"

"పాట పాడిందిగా. నువ్వెప్పుడన్నా పాడావా?"

ఆరోన్ నెల రోజులు ఆయనతో మాట మానేశాడు. ఆ తర్వాతి ఆదివారం మాస్టారే మోపెడ్ తెచ్చి వాళ్ళ గుమ్మంలో ఆపి, "రా, పిల్లని చూసొద్దాం," అన్నారు. ఈపాటికి ఆవిడకు మొహం మొత్తి ఉంటుంది, బతిమాలి తెచ్చేసుకోవచ్చు అనుకుంటూ ఆరోన్ ఎక్కి కూర్చున్నాడు.

దారిలో ముందు చేపల వ్యాపారి పోలరాజు ఇంట్లో దిగారు. టీవీ మీదున్న ఒంటికన్ను రాక్షసుణ్ణి మాస్టారు ఒక్క చూపు చూసి, "బాగానే ఉన్నాడు," అన్నారు. ఆ తర్వాత గంటసేపు పోలరాజు మోకాలి నొప్పి గురించే. డాక్టరు చీటీ చదివి వినిపించి, మాత్రల్ని పొద్దుటివీ సాయంత్రానివీ వేరుచేసి పెట్టారు. పెనమలూరులో రైల్వే గార్డుగా చేసిన వెంకటసుబ్బారావు గారింట్లో బొమ్మను చూడను కూడా చూడలేదు. వరసగా మూడు ఆటలు చదరంగం ఓడిపోయి లేచారు. రెండిళ్ళ గుమ్మాల్లోనూ ఒక్కో జత చెప్పులే ఉన్నాయి. రెండిళ్ళ పొయ్యిల మీదా గ్లాసుడు బియ్యం ఉడికే గిన్నెలే ఉన్నాయి.

"మాస్టారూ, మీరు ఒంటరివాళ్ళకే పిల్లనిస్తారా?" అన్నాడు ఆరోన్ వెనకనుంచి.

"రాక్షసులకి గోల పడదురా," అని మాస్టారు బండి వేగం పెంచారు. కొంత దూరం పోయాక, ముందుకే చూస్తూ అన్నారు. "ఊరికే వెళ్ళి 'మీరెలా ఉన్నారు' అంటే కొందరికి చిన్నతనంగా ఉంటుంది. బొమ్మ ఎలా ఉందంటే ఎవరికీ ఏమీ అనిపించదు."

ఆరోన్ కోపం ఎటు పోయిందో పోయింది. పదకొండు మందిలో తనదంటూ ఒక్కటీ లేదని ఏడ్చినవాడతను. ఈ ఇళ్ళల్లో చెంబూ మంచమూ అన్నీ ఒక్కరివే. అదెంత కష్టమో అతనికి ఆరోజే తెలిసింది.

ఛాయాదేవి గారు రెండు తలలకూ కుంకుమ బొట్లు పెట్టి, బొమ్మను ఫోను పక్కన కూర్చోబెట్టారు. పెసరట్లు వేసి పెట్టారు. తింటూ తింటూ ఆరోన్ చెయ్యి ఆగక దాని పొట్ట నొక్కాడు. కీయ్‌మని ఈల వేసింది. ఆవిడ ఉలిక్కిపడి, ఆనక పగలబడి నవ్వారు.

"నెల్రోజుల్నుంచీ నాతోనే ఉందా, ఒక్కసారైనా నోరు విప్పలేదు చూశారా!"

అడుగుదామని వచ్చినవాడు అడగలేదు. బయల్దేరుతుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చి, బొమ్మను చేత్తో పట్టుకునే, "మళ్ళీ ఎప్పుడొస్తారు?" అన్నారు.

మాస్టారు నెలకోసారి అని చెప్పబోయారు. ఈలోగా ఆరోన్ వంగి, బొమ్మ రెండో తల మీద చెయ్యి వేసి చూసి, డాక్టరులా మొహం పెట్టాడు. "ఈ తలకి కాస్త నలతగా ఉందండీ. వచ్చే ఆదివారం మా ఇంట్లోవాళ్ళని తీసుకొచ్చి చూపిస్తాను."

ఛాయాదేవి గారు అతని వంక చూశారు. తర్వాత బొమ్మ వంక చూశారు.

"తప్పకుండా రండి బాబూ," అన్నారు. "ఈ మొదటిదానికీ నిన్నట్నుంచి ఒకటే దగ్గు."