మెరక మీద ఆగని చిన్నబండి

నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా వెళ్ళే బుల్లి రైలుని, మా చిన్నబండిని, తీసేస్తారట. ఈ సంగతి నాకు చందానగర్ కిరాణా కొట్లో కందిపప్పు పొట్లం కట్టిన పాత పేపరు కాగితం చెప్పింది. తేదీ ఉన్న మూల చిరిగిపోయింది కాబట్టి, తీసేస్తారో, ఈపాటికే తీసేశారో తెలియదు. ఆ బండి డ్రైవరు మా అన్నయ్య.

అమ్మానాన్నా పోయాక నన్ను పెంచింది అన్నయ్యే. నేను ఉద్యోగానికి హైదరాబాదు వచ్చి, మా ఆఫీసులోనే గుమాస్తాగా ఉన్న గోపన్‌పల్లి ఆయన్ని, తెలంగాణా మనిషిని, పెళ్ళి చేసుకున్నాను. ఆంధ్రా, తెలంగాణా అంటూ ఊళ్ళకు ఊళ్ళు అట్టుడికిపోతున్న రోజులవి. "నా గడప తొక్కొద్దు" అని అన్నయ్య నలుగురి ముందూ అనేశాడు. ఆరేళ్ళయింది. పండక్కొకటి చొప్పున ఉత్తరం రాస్తూనే ఉన్నాను. ఒక్కదానికీ జవాబు లేదు.

పొట్లం కాగితం పట్టుకుని వంటింట్లో కూలబడితే మా అత్తమ్మ చూసింది. "జర పోయి రా బిడ్డా. గిట్ల ఎన్ని దినాలు లోపల్లోపల ఏడుస్తవ్? ఇంటి ఫికర్ నాకిడిసిపెట్టు" అంది.

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు బొంబాయి రోడ్డు మీద బస్సెక్కాను. సికింద్రాబాదులో సాయంత్రం బండి, ఆడవాళ్ళ పెట్టె. పొద్దున ఏడున్నరకు వాల్తేరు. స్టేషన్లో ఇడ్లీ జోలికి వెళ్ళకండి, పూరీ బాగుంది. తొమ్మిదింటికి పాసింజరు ఎక్కితే అది ప్రతి స్టేషన్లోనూ తీరిగ్గా ఆగి, రెండింటికి నౌపడలో దింపింది. ఉప్పుమళ్ళ వైపు నుంచి గాలి వీస్తోంది. పెద్ద ప్లాట్‌ఫారం దాటి అవతలికి చూడటానికి నాకు భయం వేసింది. చూశాను. చిన్నబండి ఉంది. ఇంజను కూడా తగిలించారు, పొగ వస్తోంది.

పట్టాల మధ్య రెండున్నర అడుగులే వెడల్పు. ఎదురుబల్ల మీద కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు మన మోకాళ్ళకు తగులుతాయి. మూడుంబావుకి బండి కదిలింది. నా ఎదుట పసుపు బస్తాతో ఒక ముసలాయన కూర్చున్నాడు. బండి తీసేస్తారటగదా అంటే ఆయనకు కోపం వచ్చింది.

"ఎవులు తీస్తారమ్మా? మా తాతల నాడు పర్లాకిమిడి ఎల్లాలంటే ఎడ్లబండే గతి. రాజావారు సొంత సొమ్ముతో ఈ పట్టాలేయించినారు. తెల్లదొరలు ముందు ఒప్పుకోలేదంట. తరవాత గుణుపురం దాకా పొడిగించినారు. లాబమంటావా, అది నాడూ లేదు, నేడూ లేదు."

టెక్కలి దాటాక మెరక వచ్చింది. బండి మనిషి నడకకు తగ్గింది. ముసలాయన దిగబోతూ బస్తా నాకు అప్పగించబోయి, మనసు మార్చుకుని, "నువ్వూ దిగీమ్మా, బరువు తగ్గాల" అన్నాడు. ఇది ఈ లైను మీద పాత అలవాటే. మెరక దగ్గర గట్టివాళ్ళంతా కదిలే బండి దిగి పక్కన నడుస్తారు, పైకి చేరాక మళ్ళీ ఎక్కుతారు. బండి మాత్రం ఆగదు. అక్కడ ఆగితే మళ్ళీ కదలదు, వెనక్కి జారుతుంది. చిన్నప్పుడు అన్నయ్య చెయ్యి పట్టుకుని దిగేదాన్ని.

దిగాను. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, అందరినీ దాటుకుంటూ ఇంజను దాకా పరిగెత్తాను.

బొగ్గు వేస్తున్న ఫైర్‌మన్ నన్ను ముందుగా చూశాడు. "డైవరు బాబూ, మీ సెల్లెలు కాదేటి?"

అన్నయ్య తల తిప్పాడు. జుట్టు సగం తెల్లబడింది. చూసి, మళ్ళీ పట్టాల వైపు తిరిగాడు. దిగలేడు, ఆపలేడు, పారిపోనూ లేడు. నేను పక్కనే నడుస్తున్నాను.

"దూరంగా నడు. సక్రాల దగ్గరికి రాకు" అన్నాడు. ఆరేళ్ళకు అన్న మొదటి మాట.

"నా ఉత్తరాలు అందాయా?"

"అన్నీ సదివినాను."

"జవాబు రాయలేదేం?"

అన్నయ్య కూత తాడు లాగాడు. ఇంజను నాలుగు రొప్పులు రొప్పాక, "ఆడు బాగా సూస్తన్నాడా?" అన్నాడు.

"బాగా చూసుకుంటారు. మా అత్తమ్మే నన్ను పంపింది."

అన్నయ్య మొహం అటు తిప్పుకున్నాడు. అంతలో మెరక అయిపోయింది. "ఎక్కీయ్ ఎక్కీయ్, ఇంక పరిగెడతాది" అని కేకేశాడు. నేను వెనక పెట్టె అందుకునేసరికి బండి వేగం పుంజుకుంది. ఆ కొద్ది దూరమూ మైళ్ళకు మైళ్ళుంటే బాగుండుననిపించింది.

దీపాలు పెట్టే వేళకు పర్లాకిమిడి చేరాం. అన్నయ్య ఇల్లు స్టేషను వెనకే. వదిన అలికిన వాకిలి కనిపించింది, ముగ్గు కూడా కనిపించింది. గడప దాకా వెళ్ళలేదు. వద్దన్నవాడు మళ్ళీ రమ్మనలేదు. సత్రంలో గది దొరికింది, శుభ్రంగానే ఉంది, నిద్ర మాత్రం రాలేదు.

మర్నాడు ఏడున్నర బండికే తిరుగు ప్రయాణం. అన్నయ్యే నడిపాడు. నౌపడలో దిగి వాల్తేరు వైపు బండి కోసం బెంచీ మీద కూర్చున్నాను. మసిచేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"నా గడప తొక్కొద్దని అనీసినాను. నలుగురిలో అన్న మాట, ఎనక్కి తీసుకోలేను" అన్నాడు.

నేను తల వంచుకున్నాను.

"మీ గడప నాను తొక్కకూడదని ఎవులూ అన్లేదు కదా. దారి సెప్పు."

పుట్టి బుద్ధెరిగి ఆ చిన్న పట్టాలు దాటి ఎక్కడికీ వెళ్ళని మనిషి. వాల్తేరులో మారడం, సికింద్రాబాదులో దిగడం, బొంబాయి రోడ్డు బస్సు, చందానగర్ బజారు, అన్నీ చెప్పాను. తన లైనులో స్టేషన్ల పేర్లలాగే వరసగా మళ్ళీ అప్పజెప్పాడు. ఒక్కటీ తప్పులేదు.

దారి పొడుగునా నేను అన్నయ్యనై చూశాను. ఇక్కడ వంతెన ఎక్కాలని తెలుస్తుందా, ఈ జనంలో ఎవర్ని అడుగుతాడు అనుకుంటూనే ఇల్లు చేరాను. ఇది చదివి వెళ్ళాలనుకునేవాళ్ళు త్వరగా వెళ్ళండి. బండి ఇంకా నడుస్తోంది, కానీ ముసలిదైపోయింది, ఎన్నాళ్ళు నడుస్తుందో తెలియదు.

అత్తమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. "మాట్లాడిండా?"

"దారి అడిగాడు అత్తమ్మా."

ఆమె ఇంకేమీ అడగకుండా నా చేతిలో సంచీ అందుకుంది. లోపలికి నడుస్తూ, "ఏం కూరంటే ఇష్టం మీ అన్నకు?" అంది.

నేను వెనకే వంటింట్లోకి వెళ్ళి కందిపప్పు డబ్బా దించాను.