లోకనాథం నోట్లో డెన్మార్క్ రాజు

కో లోకనాథానికి, అంటే మా బర్మా వాడుకలో లోకనాథం అన్నకి, భయం. దేనికని అడక్కండి, చెబుతూ కూర్చుంటే పొద్దు చాలదు. బల్లి అంటే భయం, పిల్లి అంటే భయం. లిఫ్టు అంటే మరీ భయం, అందుకే చౌక్తడా పేటలో లిఫ్టు లేని మా మేడ మూడో అంతస్తులో కాపురం పెట్టాడు. మెట్లమీద చప్పుడైతే చాలు, చేతిలో ఉన్న వెండి నాణెం గబుక్కున నోట్లో వేసుకునేవాడు. ఎదురింటివాణ్ణి కాబట్టి ఈ వైభోగమంతా నేను రోజూ చూశాను.

ఆ నాణెం అలాంటిలాంటిది కాదు. డెన్మార్క్ వాళ్ళు ఒకప్పుడు తమిళ తీరాన తరంగంబాడిలో కోట కట్టుకుని కొట్టించిన రాయలిన్. చొక్కా గుండీ కంటే కాస్త పెద్దది. ఒకవైపు కిరీటం, దాని కింద రాజుగారి పేరులోని అక్షరాలు పెనవేసి ఉంటాయి. పాన్సొడాన్ వీధిలో పాత నాణేలవాళ్ళ చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగి ఇలాంటివి ఓ డబ్బా అడుగు కప్పేన్ని పోగేశాడు. అన్నిట్లోకీ ఇదే ప్రాణం.

"నోట్లో పెట్టుకోడం ఏటన్నా?" అన్నాను ఓసారి.

రాజుని బుగ్గలోకి తోసి, "దొంగొస్తే డబ్బా పట్టుకుపోతాడు. నా నోరు పట్టుకుపోతాడేటి?" అన్నాడు.

"ఎంగిలి కాదా?"

"రాజుకి ఎంగిలేటి!"

నవ్వాను గానీ, ఈ ఊళ్ళో ఇప్పుడు తలుపు చప్పుడైతే నా గుండే ఝల్లుమంటుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. ప్రతి ఇంటి గ్రిల్లుకీ రెండేసి తాళాలు. అందరం భయపడేవాళ్ళమే, పైకి చెప్పుకునేవాడు అతనొక్కడే.

ఐదో అంతస్తులో డౌ రామమ్మ, అంటే రామమ్మగారు, ఉంటుంది. తల్లి తెలుగు, తండ్రి బర్మా. మొగుడు పోయాక ఒక్కతే అయిపోయింది. ఓ రోజు మెట్లమీద కూలబడి, "ఏ మూలో పడిపోతే ఎవులికి తెలుస్తాది బాబూ? సీకటైతే బయమేస్తంది" అని ఏడ్చింది. "అలా అనకండి" అన్నాను. లోకనాథం పక్కనే ఉండి అంతా విన్నాడు.

ఆ వారమే అతను కొత్త తాడు కట్టాడు. మా మేడల ముందు పైనుంచి వీధిలోకి తాళ్ళు వేలాడుతుంటాయి. కింద కూరలవాడు లాగితే పైన గంట మోగుతుంది, తాడుకి సంచీ తగిలిస్తే పైకి లాక్కుంటారు. ఇతని తాడు మాత్రం తన కిటికీ నుంచి రామమ్మ కిటికీకి పోయింది, రెండు కొసలా గంటలతో.

"అప్పా, దొంగొస్తే గంట కొడతాను. నువ్వొచ్చి కాపాడాల" అన్నాడు రామమ్మతో. మావాళ్ళలో అప్ప అంటే అక్క.

"ముసిల్దాన్ని, నేను కాపాడాలేటిరా?"

"నీకాడ రోకలుంది గదా!"

అంతటితో ఆగాడా? మరీ భయమైతే పైకొచ్చి దాక్కుంటానని ఆవిడ మారుతాళాలు కూడా పుచ్చుకున్నాడు. సిగ్గూ ఎగ్గూ లేని పిరికితనం అనుకున్నాను.

ఇక పొద్దున్నా గంటే, దీపాలవేళా గంటే.

"మళ్ళీ ఏటిరా?" అని పైనుంచి కేక.

"పిల్లి అప్పా!"

ఓసారి రామమ్మ నిజంగానే రోకలెత్తుకుని దిగింది. మంచినీళ్ళ డబ్బా మోసుకొస్తున్నవాడు ఆవిణ్ణి చూసి డబ్బా వదిలేసి పరిగెత్తాడు. "నేను లేకపోతే ఈ పిరికోడు ఏటైపోతాడో!" అని మేడంతా చెప్పుకుంది. మెట్లమీద ఏడవడం మానేసింది.

మొన్న వానాకాలంలో ఓ సాయంత్రం కరెంటు లేదు. గంట మోగింది. కేక రాలేదు. మళ్ళీ మోగింది. పైన సద్దు లేదు. తలుపు తీసి చూస్తే లోకనాథం మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. బుగ్గలో రాజు, ముఖాన నెత్తురు చుక్క లేదు.

"ఉండన్నా, టార్చి తెస్తాను" అన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ చీకట్లోకి నాకు కాళ్ళు కదల్లేదు.

"అప్పా!" అని గావుకేక పెట్టి పరిగెత్తాడు, బల్లికి భయపడే మనిషి!

నేను వెళ్ళేసరికి మారుతాళాలతో గ్రిల్లు తీసి ఉంది. రామమ్మ స్నానాలగదిలో జారిపడి, కాలు విరిగి, తడిలో వణుకుతోంది. ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని లోకనాథం అంతకంటే ఎక్కువ వణుకుతున్నాడు.

"బయం నేదప్పా, నేనున్నాను."

మాట మరీ స్పష్టంగా వచ్చింది. నాకు అనుమానమేసింది.

"అన్నా, రాజుగారేరీ?"

బుగ్గలు తడుముకున్నాడు, నాలుక కింద వెతుక్కున్నాడు. కళ్ళు తేలేశాడు.

"మింగీసేనురా!"

అంత నొప్పిలోనూ రామమ్మ నవ్వింది.

ఆస్పత్రిలో ఆవిడ కాలికో ఎక్స్‌రే, ఇతని పొట్టకో ఎక్స్‌రే. "దానంతటదే దిగుతుంది, భయం లేదు" అన్నాడు డాక్టరు. భయం లేదు అనగానే లోకనాథం భయపడిపోయాడు.

"అయితే ఆ గంట దొంగల కోసం కాదన్నమాట" అన్నాను బయటికొచ్చాక.

"ఊరుకో. అప్ప వింటే సిన్నబుచ్చుకుంటాది."

కాలికి కట్టుతో రామమ్మ ఇంటికొచ్చింది. మంచం కిటికీ దగ్గరికి జరిపించుకుంది. ఇప్పుడు తాడు ఆవిడే లాగుతుంది. రాజుగారు ఎప్పుడో దిగారు. తోమితే నాణెం పాడవుతుందని, ఒట్టి నీళ్ళతోనే మళ్ళీ మళ్ళీ కడిగి డబ్బాలో పెట్టడం నా కళ్ళారా చూశాను.

నిన్న నేను లోకనాథం ఇంట్లో ఉండగానే గంట మోగింది.

"ఏరా, రాజు దిగేడేటి?" అని పైనుంచి రామమ్మ కేక.

లోకనాథం నావైపు చూసి నోటిమీద వేలేసుకున్నాడు. తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టి గట్టిగా అరిచాడు.

"ఇంకా నేదప్పా! బయమేస్తంది!"

"బయపడకు! నేనున్నాను గదా!"