ఆ కొసకు చేరిన వెలుగు

కామారెడ్డిలో ఎక్కిన ఎల్లారెడ్డి బస్సులో, నా పక్కన కూర్చున్న అమ్మాయి వేలికి వెంట్రుకంత సన్నటి గాజు పోగు చుట్టుకుని ఉంది. అదేమిటని అడిగాను.

"నేను అణు కేంద్రంల పనిచేస్త అక్కా. రేడియేషన్ ఎక్కువున్న కాడికి మనుషులు పోరాదు, గిసొంటి పోగు పోతది. రేడియేషన్ తగిలిన కొద్ది గాజు మసకబడతది. ఈ కొసల పంపిన వెలుగు ఆ కొసకు ఎంత తగ్గి వచ్చిందో చూసి, లోపల ఎంతున్నదో తెలుసుకుంటం."

ఫోన్ టార్చి ఒక కొసకు ఆనించి, రెండో కొస నా అరచేతిలో పెట్టింది. చుక్కంత వెలుగు పడింది.

"మసకబడ్డది మళ్ల తేటగైతదా?" అన్నాను.

"కొంత అయితది. మొత్తం కాదక్కా."

మా ఆయన ఆరేళ్లుగా దుబాయిలో ఉన్నాడు. రోజూ ఫోన్లో "మంచిగనే ఉన్న" అంటాడు. ఇదివరకు ఆ మాట విని నిశ్చింతగా పెట్టేసేదాన్ని. ఇప్పుడు ఆ గొంతు ఎంత తగ్గి వచ్చిందో వింటున్నాను.