చిట్టి రక్తం బయటపెట్టిన నిజం

ఆ సోమవారం పొద్దున మా అత్తమ్మ గేటు దగ్గర నిలబడి ఎంత పిలిచినా చిట్టి లేచి రాలేదు. అత్తమ్మకు చూపు బాగా మందగించింది. ఆరేళ్లుగా మీర్‌పేట్‌లోని మా గల్లీలో ఆమె నడకకు మా కుక్కే తోడు. గుంత వచ్చినా, బండి వచ్చినా చిట్టి ఆగుతుంది, చేతిలో గొలుసు వదులవగానే ఆమె కూడా ఆగుతుంది.

మధ్యాహ్నానికి చిట్టికి నాలుగు వాంతులయ్యాయి. "ఏం తిన్నదే గది?" అని అత్తమ్మ అడిగింది.

"నాకేం ఎర్క అత్తమ్మా" అన్నాను.

నాకు తెలుసు. ముందురోజు సాయంత్రం కాల్చిన మొక్కజొన్న తిని, గింజల్లేని బెండు దాని ముందు పడేసింది నేనే. కాసేపు నమిలి వదిలేస్తుందనుకున్నాను. వెనక్కి తిరిగి చూసేసరికి మింగేసింది.

ఆ సాయంత్రం దగ్గరలోని పెట్ క్లినిక్‌లో వాంతులు ఆగడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. ఎక్స్‌రేలో గ్యాస్ తప్ప ఏమీ లేదన్నారు. అక్కడ కూడా, ఏం తిందో తెలియదనే చెప్పాను. బుధవారం పొద్దుటికి తాగిన నీళ్లు తాగినట్టే బయటికొస్తున్నాయి. నిలబెడితే వెనక కాళ్లు మడతపడిపోయాయి. నేను, మా ఆయన దాన్ని దుప్పటిలో చుట్టుకుని ఆటోలో ఎల్బీనగర్‌లోని ఒక పెద్ద పెట్ హాస్పిటల్‌కి వెళ్లాం.

డాక్టరమ్మ రక్తం తీయించి, కాసేపటికే రిపోర్టుతో వచ్చింది.

"క్లోరైడ్ బాగా పడిపోయిందండి. పొటాషియం రెండు పాయింట్ నాలుగే ఉంది. కడుపులో యాసిడ్ అంతా వాంతుల్లో పోతే రక్తం ఇలా మారుతుంది. పేగు మొదట్లోనే ఏదో అడ్డం పడి ఉంటుంది. కొన్ని ఎక్స్‌రేలో కనిపించవు. ఏం మింగిందో గుర్తు తెచ్చుకోండి."

మా ఆయన నా వైపు చూశాడు.

"మక్క బెండు మేడం. ఆదివారం నేనే ఏసిన."

ఆవిడ స్కాన్ చేసి, బెండు ఎక్కడ ఇరుక్కుందో చూపించింది.

"జల్ది ఆపరేషన్ చేయున్రి మేడం" అన్నాడు మా ఆయన.

"ఇప్పుడు మత్తిస్తే గుండె తట్టుకోదండి. ముందు పొటాషియం పెరగాలి. అది వేగంగా ఎక్కించినా గుండె ఆగిపోతుంది. మెల్లగానే ఎక్కించాలి."

లోపల పేగు పాడవుతోంది, బయట మేం ఆగాలి. సెలైన్ చుక్కలు చూస్తూ సాయంత్రం దాకా దాని పక్కనే కూర్చున్నాను. సోమవారమే నోరు విప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదన్న మాట తప్ప తలలో ఇంకేమీ లేదు.

ఆ రాత్రి ఆపరేషన్ అయ్యింది. బెండు తీసేశారు. శుక్రవారం పొటాషియం మళ్లీ పడిపోయింది. చిట్టి తల కూడా ఎత్తలేదు.

"పేగు కదలట్లేదండి. పొటాషియం తగ్గితే పేగు కండరం కూడా పని చేయదు" అంది డాక్టరమ్మ.

"బతుకుతదా మేడం?"

"ఇప్పుడే చెప్పలేనండి."

బయటికొచ్చి అత్తమ్మకు ఫోన్ చేసి నిజం చెప్పేశాను.

"డాక్టర్‌కు ఎప్పుడు చెప్పినవ్?" అని అడిగింది.

"మూడొద్దులకు, బుధవారం."

ఫోన్ పెట్టేసింది.

ఆదివారానికి పొటాషియం మూడు దాటింది. నా అరచేతిలో పోసిన గంజి చిట్టి నాలుగు సార్లు నాకింది. వాంతి కాలేదు. అప్పుడు ఏడ్చాను.

ఇప్పుడు అది కాస్త సన్నబడింది గానీ, అత్తమ్మతో మళ్లీ నడుస్తోంది. అత్తమ్మ నాతో మామూలుగానే మాట్లాడుతుంది. చిట్టి గిన్నె మాత్రం నన్ను ముట్టుకోనివ్వదు. అన్నంలో చెయ్యి పెట్టి, అడుగుదాకా తడిమి చూసి, తనే పెడుతుంది. నేను అడ్డు చెప్పను.

మీ కుక్క తాగిన నీళ్లు కూడా కక్కేస్తుంటే రేపటిదాకా ఆగకండి. ఎక్స్‌రే బాగానే ఉందన్నా, రక్తంలో పొటాషియం, క్లోరైడ్ చూడమని అడగండి. అది ఏం తిందో, తప్పు మీదే అయినా, డాక్టర్ అడగకముందే చెప్పండి.