పాప కూర్చున్న చోటు

పులివెందులలో నాయకుడెవరైనా సభ పెడుతున్నాడంటే విలేకరిగా నేను ప్రొద్దుటూరు నుంచి పెందలాడే బస్సెక్కేవాణ్ణి. ఉపన్యాసం అందరూ రాస్తారు. ఏర్పాట్లు చూస్తే నాకు నాలుగు ముక్కలు ఎక్కువ దొరికేవి. అలా ఒక ఉదయం మైదానానికి వెళ్లేసరికి పోలీసు కుక్కతో వేదికను తనిఖీ చేస్తున్నారు.

నల్లటి లాబ్రడార్, ఆడది. దాని గొలుసు పట్టుకున్న కానిస్టేబుల్ నాకు తెలిసినవాడే, వీరపునాయునిపల్లె వైపు మనిషి. కుక్కకు డిపార్ట్‌మెంటు పెట్టిన ఇంగ్లీషు పేరొకటి ఉండేది. అతను మాత్రం పాప అనేవాడు. ఆజ్ఞలు ఇంగ్లీషులో ఇచ్చేవాడు, గారాబం మాత్రం మన యాసలోనే.

పాప వేదిక చుట్టూ వాసన చూసుకుంటూ వచ్చి మెట్ల దగ్గర ఆగింది. చెక్క పలకలకు ముక్కు ఆనించింది. మెల్లగా కూర్చుంది.

కుర్చీలు దించుతున్న టెంట్‌హౌస్ మనుషులు నవ్వారు.

"ఏమప్పా, కాళ్లు పీకుతాండాయేమో! మేడమ్‌కు కుర్చీ ఎయ్యాల్నా?"

కానిస్టేబుల్ నవ్వలేదు. పేలుడు మందు వాసన తగిలితే మొరగకుండా, కాలితో గీరకుండా ఉన్నచోటే కూర్చోవాలని ఆ కుక్కకు నేర్పారు.

"అందరూ రోడ్డు మిందికి పోండి" అన్నాడు. నవ్వినవాళ్లే ముందు పరుగెత్తారు.

బాంబుల నిపుణులు వచ్చి వేదిక విప్పడం మొదలుపెట్టారు. మేము రోడ్డవతల చింతచెట్టు నీడన నిలబడ్డాం. సీఐ కానిస్టేబుల్ దగ్గరకు వచ్చాడు.

"జమ్మలమడుగులోనూ ఇట్లే కూర్చునింది. ఆడేం దొరకల్యా. ఈడ గూడా దొరక్కపోతే దీని ముక్కు పనికిరాదని రాసి పంపిస్తా. నువ్వు స్టేషన్ డ్యూటీకి పో."

"సరే సార్" అన్నాడతను. సీఐ వెళ్లాక దోసిట్లో నీళ్లు పోసి కుక్కకు పట్టాడు.

"రిటైరు చేస్తే దీన్ని ఎవరికిస్తారో తెల్దన్నా" అన్నాడు నాతో. "ఆడ బాంబు దొరకాలని మొక్కుకునేదానికి నోరు రాదు. దొరక్కపోతే ఇది నాకు దక్కదు. నేనేమని మొక్కుకోవాల?"

ఎండ ఎక్కుతోంది. నిపుణులు ఒక్కో పలకా తీసి పక్కన పేరుస్తున్నారు. ప్రతి పలక లేచినప్పుడల్లా అతను మెడ చాచి చూస్తున్నాడు. చివరికి కింద మట్టి కూడా తవ్వి చూశారు. ఏమీ లేదని చెయ్యి ఊపారు. రోడ్డు మీద జనం హమ్మయ్య అనుకున్నారు. అతని ముఖం మాత్రం వాడిపోయింది.

సీఐని అడిగి, పాపను మళ్లీ లోపలికి తీసుకెళ్లాడు. సీఐ, నేనూ వెంట వెళ్లాం. వేదిక ఉన్న నేల మీద పాప ఆగలేదు. పేర్చిన పలకల దగ్గర కూర్చుంది. అక్కణ్ణుంచి లేపితే, వాటిని తెచ్చిన ట్రాక్టర్ దగ్గరకు లాక్కెళ్లి ట్రాలీ వెనక కూర్చుంది.

ట్రాక్టర్ డ్రైవర్ పెద్దవయసు మనిషి. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"దీంట్లో ఏం మోసినావు మామా?" అని కానిస్టేబుల్ అడిగాడు.

"ఇసుకప్పా. ఇంగేముంటాది?"

"నీ మింద కేసు పెట్టాలని ల్యా మామా నాకు. ఇది అబద్ధం చెప్పల్యా అని చెప్పు. అంతే చాలు."

డ్రైవర్ సీఐ వైపు చూశాడు, కుక్క వైపు చూశాడు. ఆ కుక్క అలాగే కూర్చుని ఉంది.

"నిన్న ముగ్గురాయి గనికి మందు పెట్టెలు దించినా" అన్నాడు చివరికి. "బండ పేల్చే మందు. ఒక పెట్టె పగిలి కొంచెం కారింది. ఖాళీ బండి ఎందుకు తోలుకుపోయేదని అట్లే పలకలెత్తుకొచ్చినా సార్."

మా వైపు ఎవరూ ట్రాలీని ఖాళీగా తిప్పరు. సీఐ అతన్ని పచ్చి బూతులు తిట్టి, తనిఖీ అయ్యాక ట్రాక్టర్‌ను స్టేషన్‌కు తీసుకుపొమ్మన్నాడు. ఇంకోచోటి నుంచి పలకలు తెప్పించి వేదిక కట్టించి, ఆ కుక్కతోనే మళ్లీ తనిఖీ చెయ్యమని కానిస్టేబుల్‌కు చెప్పాడు.

పాప మళ్లీ బయలుదేరింది. మెట్ల దగ్గర నడక తగ్గించింది. వెనక కాళ్లు కొంచెం వంగాయి. అతని చేతిలో గొలుసు బిగిసింది. పాప ఒకసారి తుమ్మి ముందుకు వెళ్లిపోయింది.

అతను వచ్చి నా పక్కన కూలబడ్డాడు. పాపను రెండు చేతులా పట్టుకున్నాడు.

"బయటపడ్డావు గదా" అన్నాను.

"ఈ పొద్దుకు బయటపడినా" అన్నాడు. "ఈ సీమలో గనికి పోని ట్రాక్టరు యాడుందన్నా?"

ట్రాక్టర్ ఎక్కబోతూ డ్రైవర్ మా వైపు తిరిగాడు. "కడిగితే పోతాదా అప్పా, ఆ వాసన?"

"నాకేం తెల్సు మామా? కడిగి తోలుకురా. పాపే చెప్తాది."