అర్థాపత్తి

తర్కం పుస్తకాల్లో తప్ప బయట పెద్దగా వినిపించని మాట ఒకటుంది: అర్థాపత్తి. కళ్ల ముందున్న విషయానికి మరే విధంగానూ పొంతన కుదరనప్పుడు, కనిపించని కారణం ఒకటి ఉండి తీరాలని ఒప్పుకోవడం. లావుగా ఉన్న మనిషి పగలు అన్నం ముట్టడు; అయితే రాత్రి తింటున్నాడన్నమాట. ఒకసారి మా ఆవిడకు ఇలాగే చెప్పాను. ఆమె బీరగింజలు ఎండబెడుతోంది.

"దీనికి పేరు కూడా ఎట్టీసినారేటి బావా? మా అమ్మ పాలకుండ సూసి, మీగడ ఎవుడు నాకీసినాడో సెప్పీసీది. ఏ పుస్తకం సదివినాదేటి?" అంది.

ఆమె పోయి ఏడు నెలలైంది. తన జబ్బు సంగతి తెలియకుండానే పోయిందన్నది నాకు మిగిలిన ఊరట. దీపావళి తర్వాత డాక్టరు నాకొక్కడికే చెప్పాడు. ఆ తర్వాత ఆమె బతికిన పదిహేను రోజులూ ఆమెకు తెలియకుండా జాగ్రత్తపడ్డాను.

నరసన్నపేట దగ్గర మా ఊళ్లో తొలి వానలు పడ్డాక పెరట్లో పాదులు పెడతాం. ఆనప, బీర గింజల్ని ఆమె బూడిదలో కలిపి, మూటకట్టి, అటక మీద కుండలో దాచేది. తను నాటేదాకా ఒక్క గింజను కూడా గుమ్మం దాటనిచ్చేది కాదు. ముందే ఇచ్చేస్తే మన పాదు కాయదని నమ్మకం. సొంత చెల్లెలు అడిగితేనే ఉత్త చేతులతో పంపింది.

ఈ ఏడు నేనే కుండ దించాను. ఖాళీగా ఉంది. ఎలుకలు తింటే మూటగుడ్డయినా మిగలాలి.

పక్కింటావిడను అడిగాను. మా ఆవిడను అప్ప అని పిలిచేది.

"నాకిచ్చీసినాది బావా, దసరాకి ముందే. 'ఒసే, నువ్వే ఏసుకో, మీ బావకి పాదు ఎట్టడం రాదు' అన్నాది. నవ్వతానే అన్నాది. నీకు సెప్పనేదేటి?"

దసరాకి ముందు. అంటే నాకంటే ముందు. ఇంకో కారణం కోసం చాలాసేపు వెతికాను. దొరకలేదు.

ఆ పదిహేను రోజులూ నేను "గ్యాసు నొప్పే, తగ్గిపోతుంది" అనేవాణ్ణి. "అంతేలే బావా" అనేది. వాటిలో ఒక్క పూట తిరిగి దొరికితే, పక్కన కూర్చుని, "నీకు తెలుసు గదా" అని అడగాలని ఉంది.