దుకాణం ఫోన్‌కు అమ్మ పెట్టమన్న పేరు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు భయం కాదు, చిరాకు. మా దుకాణంలో నిలబడి, ఫలానా ఇంట్లో గజ్జెల చప్పుడు వినిపిస్తుందని ఎవరైనా మొదలుపెడితే, ముందు ఎన్ని కాపీలు కావాలో చెప్పండని నోరు మూయించేవాణ్ణి. ఇప్పుడు అలాంటిదే నేను రాయాల్సి వచ్చింది. నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు రాస్తాను. అందులో నేను సిగ్గుపడాల్సింది కూడా ఉంది, దాన్ని దాచను.

నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ వైపు వచ్చే దారిలో, ఒక సందు మొదట్లో నాకు జిరాక్స్ దుకాణం ఉంది. రెండు మిషన్లు, ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్. నలుగురు నిలబడితే ఐదో మనిషి రోడ్డు మీద ఉండాలి.

ఈ రోజుల్లో కాగితం చేత్తో పట్టుకొచ్చేవాళ్లు తక్కువ. అన్నీ ఫోన్లోనే ఉంటాయి. చాలామంది వాట్సాప్‌లో పంపుతారు. కానీ తెలియని దుకాణంవాడికి తమ నంబరు తెలియడం ఆడపిల్లలకు ఇష్టం ఉండదు, అది న్యాయమే. అలాంటివాళ్లు బ్లూటూత్‌లో పంపుతారు. వాళ్ల ఫోన్ తెరిస్తే చుట్టుపక్కల ఉన్న ఫోన్ల పేర్లన్నీ వరసగా కనిపిస్తాయి. అందులో మా దుకాణం ఫోన్ ఏదో నేను చెప్పాలి.

మొదట్లో నా ఫోన్‌కు కంపెనీ వాళ్లు ఇచ్చిన పేరే ఉండేది. అదే రకం ఫోన్లు మా సందులో ఇంకో మూడున్నాయి. ఒకావిడ పెళ్లి కాగితాలు నాకు పంపబోయి పక్కన జ్యూస్ బండి అతనికి పంపింది. అతను ఆ కాగితాలన్నీ చదివి, శుభాకాంక్షలు చెప్పడానికి వచ్చాడు. ఆ రోజే సెట్టింగుల్లోకి వెళ్లి ఫోన్ పేరు ‘ప్రకాశ్ జిరాక్స్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో మార్చాను. అర నిమిషం పని.

ప్రకాశ్ నేను పెట్టుకున్న పేరు. అమ్మ పెట్టింది కాదు.

నాకంటే ముందు మా అమ్మకు ముగ్గురు పుట్టి పోయారు. ఒక్కరూ ఏడాది దాటలేదు. నేను పుట్టాక, గౌలిగూడలో మేము కిరాయికుండే ఇంటి వెనక పెంటకుప్ప మీద నన్ను చాటలో పడుకోబెట్టింది. ఎదురింటి ముసలమ్మ నన్ను ఎత్తుకుంది. మా అమ్మ ఆమెకు ఇంత తవుడు ఇచ్చి నన్ను కొనుక్కుంది. పారేసిన పిల్లవాడి కోసం చావు రాదని వాళ్ల నమ్మకం. అందుకే నాకు పెంటయ్య అని పేరు పెట్టింది. మా తరం వరకు ఇలాంటి పేర్లు ప్రతి బస్తీలోనూ ఉండేవి.

పెంటయ్య అనే పేరుతో హైదరాబాద్ బడిలో చదివినవాడికే ఆ బాధ తెలుస్తుంది. హాజరు పిలిచేటప్పుడు వెనక బెంచీలో ముక్కులు మూసుకునేవాళ్లు. పదో తరగతి పరీక్ష ఫారం నింపే రోజు సారును బతిమాలి ప్రకాశ్ అని రాయించుకున్నాను. ఇంటికొచ్చి అమ్మతో, ఇకనుంచి నలుగురిలో ఆ పేరెత్తితే ఇల్లు వదిలి పోతానన్నాను. ఆ తర్వాత అమ్మ నన్ను బిడ్డా అనే పిలిచింది. ప్రకాశ్ అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. మా ఆవిడ సుజాత కాపురానికొచ్చి ఇరవై ఏళ్లు దాటినా అప్పటికింకా ఆమెకు నా పాత పేరు తెలియదు. నేనే తెలియనివ్వలేదు.

నాన్న పోయాక అమ్మ రోజూ మధ్యాహ్నం నాకు అన్నం డబ్బా తెచ్చేది. డెబ్బై దాటినా బస్సెక్కి వచ్చేది. నేను తినేంతసేపూ స్టూలు మీద కూర్చుని కాగితాలు సర్దేది. అమ్మకు అక్షరం రాదు. తలకిందులుగా ఉన్న కాగితాన్ని మాత్రం ఎలాగో గుర్తుపట్టి తిప్పి పెట్టేది.

అలా కూర్చున్నప్పుడే నేను వచ్చినవాళ్లందరికీ ‘ప్రకాశ్ జిరాక్స్ అని ఉంటుంది చూడండి’ అని చెప్పడం వింది. వాళ్ల ఫోన్‌కు నీ పేరెట్లా తెలుస్తుందని అడిగింది. తీరికగా ఉన్నాను కాబట్టి చెప్పాను. ఫోన్ తన పేరును గాలిలోకి పిలుస్తూనే ఉంటుంది, దగ్గర్లో ఉన్న ఏ ఫోన్‌కైనా అది వినిపిస్తుంది అన్నాను. ఇంతకంటే తేలికగా చెప్పడం నాకు రాలేదు.

మరునాడు డబ్బా నా ముందు పెట్టి, మూత తీయకుండా నిలబడింది.

“పొద్దుగాల నుంచి మాపటిదాక నీ పేరు గాలిల పిలుస్తనే ఉంటదా బిడ్డా?” అంది. ఔనన్నాను. “గా పేరు తీసెయ్యి. పెంటయ్య అని పెట్టు. వినేటోళ్లంత మంచోళ్లే ఉండరు.”

అప్పుడు దుకాణంలో ఇద్దరు కాలేజీ అమ్మాయిలున్నారు. ఒకమ్మాయి ఇంకో అమ్మాయి వైపు చూసి నవ్వు ఆపుకుంది. అంతే, నాకు పదో తరగతి నాటి కోపమంతా తిరిగొచ్చింది. ఏమేమి అన్నానో అంతా గుర్తులేదు. చివరి మాట మాత్రం గుర్తుంది. “రేపటి సంది దుకాణానికి రాకు” అన్నాను.

అమ్మ రాలేదు. మరునాటి నుంచి డబ్బా పొద్దున్నే కట్టి ఇచ్చేది. ఇంట్లో మామూలుగానే ఉంది. వద్దన్నాను కాబట్టి మానేసింది, అంతే. రమ్మని చెప్పడానికి నాకు నోరు రాలేదు, రేపు చెబుదాంలే అనుకుంటూ పోయాను.

ఇరవై రోజుల తర్వాత అమ్మకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది, కుడి చెయ్యి పోయింది. దవాఖానలో మూడో రోజు మధ్యాహ్నం ఎడమ చేత్తో నా చొక్కా జేబు తట్టింది. జేబులో ఫోన్ ఉంది. మనవడితో మాట్లాడాలేమో అని సుజాత అంది. వరంగల్ హాస్టల్లో ఉన్న మావాడికి కలిపి అమ్మ చెవి దగ్గర పెట్టాను. చేత్తో తోసేసింది. మళ్లీ ఫోన్ మీద వేలితో తట్టి నా మొహంలోకి చూసింది.

నాకు అర్థమైంది. ఆ రోజు సుజాతతో నాకేమీ అర్థం కాలేదనే చెప్పాను గానీ, ఆ క్షణంలోనే అర్థమైంది.

“మార్చిన అమ్మా. నువ్వు చెప్పిన పేరే పెట్టిన” అని సుజాతకు వినపడకుండా అమ్మ చెవిలో అన్నాను. ఫోన్ తెర ఆమె కళ్ల ముందు పెట్టాను. తెర మీద ఉన్నది ఆ రోజు ఎండ ఎంతుందో చూపించే అంకెలు. ఆమెకు ఏది చూపించినా ఒకటే కదా. అమ్మ ఆ అంకెల్ని చాలాసేపు చూసింది. తర్వాత కళ్లు మూసుకుంది, చెయ్యి కిందికి దించింది. తెల్లవారేసరికి అమ్మ పోయింది.

నిజంగానే మార్చగలిగేవాణ్ణి. ఆ మంచం పక్కనే నిలబడి మార్చగలిగేవాణ్ణి. వచ్చినవాళ్ల ఫోన్లలో ఆ పేరు కనిపిస్తుందని మార్చలేదు. చచ్చిపోతున్న అమ్మ ముందు కూడా నాకు ఆ సిగ్గే పెద్దదైంది.

పదకొండో రోజు కర్మ అయ్యాక దుకాణం తెరిచాను. హాల్ టికెట్ ప్రింట్ కోసం ఒకమ్మాయి వచ్చింది. ప్రకాశ్ జిరాక్స్ చూడమన్నాను. ఆ అమ్మాయి తెర మీద వేలు పైకీ కిందికీ జరిపి, “అట్లాంటిదేం లేదన్నా. పెంటయ్య అని ఒకటుంది, మీదేనా?” అని అడిగింది.

కాదన్నాను. తర్వాత నా ఫోన్ తీసి చూశాను. సెట్టింగుల్లో పేరు ఉండే చోట తెలుగు అక్షరాల్లో పెంటయ్య అని ఉంది. నా ఫోన్లో తెలుగు కీబోర్డు లేదు. నేను తెలుగును కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టేవాణ్ణి.

దుఃఖంలో నేనే ఏదో నొక్కి మరిచిపోయి ఉంటానని సర్ది చెప్పుకున్నాను. సర్ది చెప్పుకుని ఏం చేశాను? మళ్లీ ప్రకాశ్ జిరాక్స్ అని మార్చాను. బుద్ధి ఉన్నవాడైతే అప్పుడైనా వదిలేసేవాడు.

నాలుగు రోజులకు మళ్లీ పెంటయ్య. ఈసారి సుజాత మీద అనుమానం వచ్చింది. నా ఫోన్ తెరవగలిగింది ఆమె ఒక్కతే. ఇంటికెళ్లి కేకలేశాను. ఆమె అంతా విని, “పెంటయ్య ఎవరు?” అని అడిగింది. ఆ మొహం అబద్ధం చెప్పే మొహం కాదు. కూర్చుని అన్నీ చెప్పాను, చాట దగ్గర నుంచి దవాఖాన దాకా. తిడుతుందనుకున్నాను. “అర నిమిషం పనే గదా” అని మాత్రం అంది. దానికంటే తిట్టినా బాగుండేది.

అబిడ్స్ సెల్‌ఫోన్ల మార్కెట్లో నాకు తెలిసిన రిపేరు అతను ఉన్నాడు. తెలివైనవాడు. పాత ఫోన్ నుంచి కాపీ చేసిన సెట్టింగులు తిరిగొస్తున్నాయేమో అన్నాడు. నువ్వు ఆ పేరు ఎప్పుడన్నా కొట్టినవా అని అడిగాడు. ఏ ఫోన్లోనూ, ఎప్పుడూ కొట్టలేదన్నాను. అయితే ఆ పేరు రాకూడదు మరి అన్నాడు. మొత్తం చెరిపేసి, కొత్త ఫోన్‌లా చేసి ఇచ్చాడు. మళ్లీ ప్రకాశ్ జిరాక్స్ అని నా చేత్తోనే పెట్టాను. ఆరు రోజులు నిలిచింది. ఏడో రోజు మధ్యాహ్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మళ్లీ పెంటయ్య.

విసుగొచ్చింది. భయమని రాయలేను, విసుగే. ఇంకోసారి మార్చి, ఫోన్‌ను పూర్తిగా ఆపేసి సొరుగులో పడేశాను. ఫోన్ పాడైంది, ఈమెయిల్ పెట్టండి అని గోడ మీద కాగితం అంటించాను.

మరునాడు మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చాడు. కాజీపేట నుంచి రైలు దిగి నేరుగా వచ్చానన్నాడు, మనవడి బడి కాగితాలు ప్రింట్ తీయాలట. ఇంతకు ముందు ఆయన్ను ఎప్పుడూ చూడలేదు. ఈమెయిల్ పెట్టడం రాదన్నాడు, బ్లూటూత్ అయితే మనవడు నేర్పించాడట. ఫోన్ పాడైందన్నాను.

“మరి ఈడ పెంటయ్య అని వస్తుంది గద బాబూ” అన్నాడు.

ఆయన ఫోన్ తీసుకుని చూశాను. ఉంది. సొరుగు లాగి నా ఫోన్ చూశాను. తెర నల్లగా, ఆపేసింది ఆపేసినట్టే ఉంది. ఆయన ఫోన్ పట్టుకుని రోడ్డు మీదికి నడిచాను. కాసేపటికి పేరు పోయింది. వెనక్కొస్తే మళ్లీ వచ్చింది. జ్యూస్ బండి అతన్ని, పక్క టైలరునీ, వాళ్ల దగ్గర నిలబడ్డవాళ్లనీ అడిగి ఫోన్లు చూశాను. ఎవరిదీ కాదు. స్టేషన్‌కు పోయే ఇంత జనంలో పెంటయ్య అనే పేరున్న ఫోన్ ఒకటి ఉండదా, అది ఆ పూట అక్కడెక్కడో ఆగి ఉండకూడదా అని మీరు అడగొచ్చు. నన్ను నేనూ అదే అడిగాను. ఉండొచ్చు.

కానీ అక్కడ నిలబడినప్పుడు నాకు అదేమీ తోచలేదు. నలుగురిలో పిలవొద్దని నేను నోరు నొక్కిన పేరుతో నన్ను పిలుస్తున్నట్టే అనిపించింది. అందరి ముందూ ఏడ్చాను. పెద్దాయన కంగారుపడి, పెంటయ్య అంటే ఎవరు బాబూ అని అడిగాడు.

“నేనేనండి” అన్నాను. “మా అమ్మ పెట్టింది.”

ఆయన ఫోన్‌ను వైరుతో కంప్యూటర్‌కు కలిపి కాగితాలు తీసిచ్చి పంపించాక నా ఫోన్ ఆన్ చేశాను. అందులో పేరు నేను పెట్టినట్టే ప్రకాశ్ జిరాక్స్ అని ఉంది. తెలుగు కీబోర్డు పెట్టుకున్నాను. అక్షరాలు ఎక్కడెక్కడున్నాయో దొరకలేదు. య కింద య రావడానికి మూడుసార్లు తప్పు కొట్టాను. అర నిమిషం పనికి పది నిమిషాలు పట్టింది. పెట్టాక, వినేవాళ్లు ఎవరూ లేకపోయినా, మార్చినమ్మా అని పైకే అన్నాను.

అది జరిగి రెండేళ్లు కావొస్తోంది. ఆ పేరు మళ్లీ మారలేదు. వచ్చినవాళ్లకు పెంటయ్య అని ఉంటుంది చూడండి అని చెబుతున్నాను. కొందరు నవ్వుతారు, నవ్వనీ.

ఎలా జరిగిందో నాకిప్పటికీ తెలియదు. తెలిసినవాళ్లు చెప్పే కారణాలన్నీ విన్నాను, ఒక్కటీ మొదటి నుంచి చివరి దాకా అతకలేదు. నేను వెతికేది కూడా కారణం కాదు. మధ్యాహ్నం జనం పలచబడ్డాక అప్పుడప్పుడు నా ఫోన్ పూర్తిగా ఆపేస్తాను. వచ్చిన మనిషి ఫోన్ ఒకసారి ఇమ్మని అడిగి, అందులో వెతుకుతాను. జ్యూస్ బండి అతనిది ఉంటుంది, టైలరుది ఉంటుంది, దారిన పోయేవాళ్లవి ఉంటాయి. పెంటయ్య అని మాత్రం రాదు. ఆ పిలుపు కోసమైనా ఇంకో నాలుగు రోజులు ఆగి మార్చి ఉండాల్సింది.